రూతమ్మ కారు, నేను చదవని పాలసీ

ఇది 2022 ఎండాకాలం నాటి సంగతి. అప్పటికి వనపర్తిలో మోటార్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి. ఆర్టీఓ ఆఫీసుకు పోయే దారిలో జిరాక్స్ సెంటరుకూ టీ కొట్టుకూ నడుమ ఉన్న చిన్న గదే నా ఆఫీసు. గద్వాల వైపు సీడు పత్తి రైతుల పికప్ బండ్లు, నాగర్‌కర్నూల్ వైపు ట్రాక్టర్లు, ఆటోలు, ఈ మధ్య కాస్త పెరిగిన కార్లు నా దగ్గరికి వచ్చేవి. మూడు జిల్లాల బండ్ల కాగితాలు నా బీరువాలో ఉంటాయని గొప్పగా చెప్పుకునేవాణ్ని.

మా పనిలో బయటివాళ్లకు తెలియని రహస్యం ఒకటుంది. కొనేవాళ్లు పాలసీ చదవరని మేం ఏజెంట్లం నవ్వుకుంటాం. నిజానికి అమ్మే మేమూ చదవం. మొదటి పేజీలో పేరు, బండి నంబరు, ప్రీమియం, తేదీలు చూసుకుంటాం. వెనక చీమ తలకాయంత అక్షరాలతో ఉండే పేజీలను స్టేపుల్ కొట్టి కవర్లో పెట్టి ఇచ్చేస్తాం. కస్టమరు అడిగేది ఒకటే, "ఫుల్ ఇన్సూరెన్సేనా అన్నా?" అని. మేం చెప్పేదీ ఒకటే, "ఫుల్లే" అని. మన బండి ఎదుటివాళ్లకు చేసే నష్టానికి థర్డ్ పార్టీ, మన బండికి జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్. ఈ రెండూ కలిసి ఉంటే మా దగ్గర దాన్ని ఫుల్ అంటారు. పాలసీ కాగితం మీద మాత్రం ఆ మాట ఎక్కడా ఉండదు. అలాగే కొత్త కార్లకు అరుగుదల కోత లేకుండా విడిభాగాల ఖర్చంతా వచ్చే పాలసీని బంపర్ టు బంపర్ అంటాం.

రూతమ్మ నాకు ఎనిమిదేళ్ల పాత కస్టమరు. ఉప్పునుంతల దగ్గరి పల్లె ఆమెది. నాగర్‌కర్నూల్‌లో డ్రైవింగ్ స్కూలు నడిపేది. వాళ్ల నాయన ఏసోబు వలసపోయి డ్యాముల దగ్గర, కాలువ పనుల దగ్గర టిప్పర్ తోలినవాడు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో పాటు సైట్ల దగ్గరి గుడిసెల్లో పెరిగిన ఈమె, పద్నాలుగేళ్లకే ఆయన పక్కన కూర్చుని టిప్పర్ రివర్స్ చేయడం నేర్చుకుంది. మనిషి పొట్టి. గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినబడుతుంది. నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లు ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లు.

డ్రైవింగ్ స్కూలు కారుకు డ్యుయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే నేర్పేవాళ్లు కూర్చునే ఎడమ సీటు కింద కూడా ఒక బ్రేకు పెడల్ బిగిస్తారు. పదిహేనేళ్లుగా రూతమ్మ పాదం ఆ రెండో బ్రేకు మీదే ఉంది. గంటకు ముప్పై, మహా అయితే నలభై. కారు నడపడం అంతగా ఇష్టపడే మనిషి, రోజంతా కారులోనే ఉండి కూడా స్టీరింగు పట్టేది చాలా తక్కువ. ఆ మాట ఆమే ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఆ ఏడాది ఆమె లోను మీద రెండో కారు కొంది. ఆడవాళ్లకు విడిగా పొద్దుటి బ్యాచ్ పెట్టాలని ఆమె ఆలోచన. పన్నెండు మంది అప్పుడే పేర్లు రాయించుకున్నారు. కారుకు రెండో బ్రేకు బిగించి, వ్యాపార బండిగా పసుపు ప్లేటు కిందికి మార్పించడానికి ఇంకా నెల రోజులు పట్టేలా ఉంది. ఆ నెలలోనే ఆమెకు ఒక కోరిక పుట్టింది. తమిళనాడులో ఒక రేస్ ట్రాక్ ఉంది. అక్కడ అప్పుడప్పుడూ ట్రాక్ డే పెడతారు. ఫీజు కడితే ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఇరవై నిమిషాల చొప్పున కొన్నిసార్లు ట్రాక్ మీద నడుపుకోవచ్చు. పోటీ లేదు, బహుమతి లేదు. ఈ కారుకు రెండో బ్రేకు పడకముందే ఒక్క రోజు తన కాలి కింద పూర్తిగా నడిపి చూడాలని ఆమె ఆశ.

ఆమె నాకు ఫోన్ చేసినప్పుడు నేను వడ్డేపల్లి దగ్గర కాలువలో పడ్డ పికప్ పక్కన, ఎండలో, సర్వేయరుతో నిలబడి ఉన్నాను. సర్వేయరంటే కంపెనీ తరఫున వచ్చి బండికి జరిగిన నష్టం అంచనా వేసే మనిషి. రూతమ్మ సంగతంతా చెప్పి అడిగింది.

"గది రేసు కాదన్నా. ఎవల బండి ఆళ్లు తోలుకుంటరు. మన ఇన్సూరెన్స్ ఐతదా అండ్ల?"

"రేసు కాదంటున్నవ్ గద. ఐతది తియ్. బంపర్ టు బంపర్ ఉంది నీకు, ఫికర్ చెయ్యకు."

"జర కాగితం చూసి చెప్తవా?"

"పద్దెనిమిదేండ్ల సంది అమ్ముతున్న. చూసేదేముంది?"

అంతే. ఫోన్ పెట్టేసి మళ్లీ ఆ పికప్ ఇరుసు సంగతి మాట్లాడుకున్నాం. ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

రూతమ్మ నాయనను వెంటబెట్టుకుని పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, ఒక రోజంతా నడిపి అక్కడికి చేరింది. మరునాడు పొద్దున రెండుసార్లు ట్రాక్ మీదికి దిగింది. అంతా బాగుంది. మధ్యాహ్నం మూడోసారి దిగినప్పుడు, పొడుగాటి దారి చివరి మలుపు దగ్గర బ్రేకు పట్టలేదు. దీన్ని బ్రేక్ ఫేడ్ అంటారు. మళ్లీ మళ్లీ గట్టిగా తొక్కితే బ్రేకులు విపరీతంగా వేడెక్కి, లోపలి ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతుంది. రోజువారీ వాడకానికి చేసిన కార్లలో ఇది మరీ త్వరగా వస్తుంది. కారు మలుపు బయట పోసిన కంకర దాటుకుని పోయి, పాత టైర్లు పేర్చిన గోడను కొట్టింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. ఆమెకు మెడ పట్టేసింది తప్ప దెబ్బలేం తగల్లేదు. ఆ ఒక్క విషయానికి ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

కారును లారీ మీద వేసుకుని నాగర్‌కర్నూల్‌లో మెకానిక్ ఖాజా భాయి షెడ్డుకు తెచ్చారు. నేను ధీమాగానే బయల్దేరాను. పోయేముందు క్లెయిమ్ ఫారం నింపుదామని ఆమె పాలసీ కాపీ తీశాను. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఒక పాలసీ వెనక పేజీలను వేలు పెట్టి చదివాను. వాడకానికి హద్దులు అనే భాగంలో ఉంది. కారును అద్దెకు తిప్పితే వర్తించదు, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాటికి వాడితే వర్తించదు. పేస్ మేకింగ్ అంటే వెనకాల వచ్చేవాళ్లకు వేగం చూపిస్తూ ముందు నడపడం. స్పీడ్ టెస్టింగ్ అంటే ఏమిటో చెప్పనక్కర లేదు.

అయినా పోటీ కాదు కదా, వాదించి చూద్దాం అనుకుంటూ షెడ్డుకు పోయాను. ముందు భాగమంతా లోపలికి పోయింది. రేడియేటరు, లైట్లు, ఎడమ చక్రం పట్టి ఉంచే ఆర్మ్ అన్నీ పోయాయి. డ్యాష్‌బోర్డు అరలో మడిచిన కాగితం ఒకటి కనబడింది. ఒక్కో రౌండుకు ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకండ్లు పట్టిందో ట్రాక్ వాళ్లు ప్రింటు తీసి ఇచ్చింది. రౌండు రౌండుకూ టైం తగ్గుతూ వచ్చిందని రూతమ్మ ఆ బాధలో కూడా కొంచెం గర్వంగా చూపించింది. నేను దాన్ని చూస్తూ, ఏ సర్వేయరైనా దీన్ని స్పీడ్ టెస్టింగ్ అనే రాస్తాడు అనుకున్నాను. పైగా ట్రాక్ వాళ్ల దగ్గర ఆమె సంతకం పెట్టిన ఫారం ఉంది. తనకైనా, కారుకైనా, అక్కడి గోడకైనా ఏ నష్టం జరిగినా తనదే భారమని దాని సారాంశం. విరిగిన గోడకు డబ్బు కట్టించుకున్నాకే వాళ్లు కారును బయటికి పంపారు.

కారు నిలబడకపోతే ఆడవాళ్ల బ్యాచ్ లేదు. బ్యాచ్ లేకపోతే కిస్తీ కట్టే దారి లేదు. కిస్తీ తప్పితే ఫైనాన్స్ వాళ్లు పాత కారు మీదికీ వస్తారు, ఎందుకంటే ఆ లోనుకు దాన్ని కూడా హామీ పెట్టింది. అంటే స్కూలే పోతుంది.

ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన మాట చెప్పాలి. అడ్డదారి చూపింది ఖాజా భాయి కాదు, రూతమ్మా కాదు. నేనే. కృష్ణ ఒడ్డు మండలాల్లో జింకలు రోడ్డుకు అడ్డం రావడం మామూలే, అలాంటి క్లెయిములు నా చేతి మీదుగా ఎన్నో పోయాయి. ఆమె తిరిగి వచ్చే దారిలోనే మానవపాడు వస్తుంది. అక్కడ హైవే మీద జింక అడ్డమొచ్చిందని, తప్పించబోయి కల్వర్టు గోడను కొట్టిందని రాద్దామన్నాను. సర్వేయరు ఎరికైనవాడేనని కూడా అన్నాను. నా నోటి తొందరకు జరిగిన తప్పు ఆ ఒక్క కాగితంతో పూడిపోతుందని లోపల ఆశ. ఖాజా భాయి పానా చేతిలో పట్టుకుని ఆమె మొహం చూస్తున్నాడు.

మూలన స్టూలు మీద కూర్చున్న నాయన వైపు చూసి, రూతమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"కాలువ పనికాడ కాంట్రాక్టరు టిప్పర్ బోల్తా వడ్డదన్నా. తోలినోనికి లైసెన్స్ లేదు. క్లెయిమ్ కావాల్నని మా నాయిన తోలిండని రాయించిండ్రు. ఏం కాదు, ఉత్త సంతకమే అన్నరు. మా నాయిన చెయ్యని ఆక్సిడెంటుకు ఆరేండ్లు కోర్టుకు తిరిగిండు. కూలికి పోవాల్సిన దినం కోర్టుకు పోతుండె. నేను చేసిన ఆక్సిడెంటును ఇంకోకాడ చేసిన్నని రాయను."

ఏసోబు తల ఎత్తలేదు. ఆ పాత సంగతి మా ముందు బయటపడటం ఆయనకు కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు కాగితం చూసి చెప్పినవా అన్నా, చూడకుంట చెప్పినవా?"

"చూడకుంటనే చెప్పిన."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. తల ఊపి, పోయి ఖాజా భాయితో విడిభాగాల సంగతి మాట్లాడటం మొదలుపెట్టింది.

క్లెయిమ్ వేశాం. జరిగింది జరిగినట్టు, ట్రాక్ మీదనే అని రాశాం. రూతమ్మ నన్ను ఏమీ అడగలేదు గానీ, మూడో రోజు నా స్టేట్‌మెంటు కూడా రాసి దానికి జత చేశాను. కస్టమరు ముందే అడిగిందని, పాలసీ చూడకుండా వర్తిస్తుందని నేనే చెప్పానని అందులో ఉంది. ఇది చదివాకైనా కంపెనీ మెత్తబడుతుందేమోనని ఆశపడ్డాను. మెత్తబడలేదు. క్లెయిమ్ తిరస్కరించి ఆమెకు ఒక ఉత్తరం, హెచ్చరిక చేస్తూ నాకు ఒక ఉత్తరం పంపారు. మూడు నెలలు నన్ను కొత్త పాలసీలు రాయనివ్వలేదు. తోటి ఏజెంట్లు నాకు పిచ్చి పట్టిందన్నారు. మా ఇంట్లో కూడా దాదాపు అదే మాట.

ఖాజా భాయి తన కూలి మెల్లగా ఇవ్వమని, హైదరాబాదులో పాత సామాను దుకాణాలు వెతికి ఒక్కొక్కటే తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు. ఆ కారు రోడ్డెక్కడానికి పదకొండు నెలలు పట్టింది. ఆలోగా పన్నెండు మంది ఆడవాళ్లను వెనక్కి పంపకుండా రూతమ్మ ఉన్న ఒక్క కారుతోనే పొద్దున నాలుగున్నర నుంచి నేర్పి, కిస్తీ తప్పకుండా కట్టేది. చూడలేక, నా సొంత కారు తీసుకుపోయి ఆమె ఇంటి ముందు పెట్టాను. వాడుకో, నాకేం ఇవ్వనక్కర్లేదు అన్నాను. ఆమె తాళాలు తీసుకోలేదు. డ్రైవింగ్ నేర్పడానికి వాడితే నా పాలసీ వర్తిస్తుందా అని అడిగింది. నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను. కారులోంచి పాలసీ తీసి, ఆమె అరుగు మీదే కూర్చుని చదివాను. వర్తించదు. దానికి విడిగా ఎండార్స్‌మెంటు తీసుకోవాలి, అంటే అదనంగా డబ్బు కట్టి ఆ వాడకాన్ని పాలసీలో రాయించుకోవాలి. ఆర్టీఓ అనుమతి వేరే. ఆ రెండూ చేయించి, రెండో బ్రేకు కూడా బిగించి నెల తర్వాత తెచ్చి ఇస్తే అప్పుడు తీసుకుంది. "గిప్పుడైతే సరే," అంది. ఆ రోజు ఆమె మొహంలో నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక అయిపోయిందనుకున్న ఆ ట్రాక్ సంగతి 2024లో మళ్లీ వచ్చింది. రూతమ్మ ఒక మధ్యాహ్నం నా ఆఫీసుకు వచ్చి, నోటుబుక్కు కాగితం ఒకటి టేబుల్ మీద పెట్టింది. మళ్లీ ట్రాక్ డేకు పోతోంది. ఈసారి పాత కారు. దాని లోను ఎప్పుడో తీరిపోయింది, కొత్త కారు లోనుకు పెట్టిన హామీ కూడా విడిపించుకుంది, అమ్మినా పెద్దగా రాదు. ఎడమ పక్క పెడల్ తీయించింది, నేర్పే పని ఇప్పుడు కొత్త కారు చేస్తోంది. బ్రేకులకు ఎక్కువ వేడి తట్టుకునే ఆయిల్ పోయించింది, కొత్త ప్యాడ్లు వేయించింది. కాగితం మీద, ఆ రోజు మొత్తం చెడితే తన చేతిలోంచి ఏమేం పోతాయో వరుసగా రాసుకుంది. కారు విలువ, గోడ విరిగితే కట్టాల్సింది, ఫీజు. ఆ మొత్తం ఏడాదిన్నరగా ఒక పక్కకు వేస్తూ వచ్చింది. అది పోయిన డబ్బే అనుకుంటేనే పోతానని ఆమె పట్టుదల. ఇంకేమైనా మర్చిపోయానా చూడమని అడిగింది.

నా వృత్తిలో ఒక మనిషి నా దగ్గరికి వచ్చి ఏం రాదో చెప్పమని అడగడం అదే మొదలు. ఇందులో నాకు కమీషన్ లేదు, అమ్మేదీ ఏమీ లేదు. అయినా అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. నేను అమ్మే కంపెనీలన్నిటికీ ఫోన్ చేసి, ఆ ఒక్క రోజుకు పాలసీ ఇస్తారా అని అడిగాను. అందరూ ఇవ్వం అన్నారు. ఆమె ప్రమాద బీమా తీసి చదివితే అందులోనూ రేసింగ్ మినహాయింపు ఉంది. ఆరోగ్య బీమా వాళ్లను అడిగితే తేల్చి చెప్పలేదు, రాతపూర్వకంగా ఇవ్వమని ఉత్తరం రాయించి, జవాబు వచ్చేదాకా అదీ రాదనే లెక్క వేసుకోమన్నాను. ఆమె కాగితంలో లేనివి రెండు కలిపాను. కారు కదలకపోతే అంత దూరం నుంచి లారీ మీద తేవాలి. మెడ పట్టేస్తే వారం రోజులు క్లాసులు ఉండవు. ఆమె ఆ రెండూ చూసి, మరో రెండు నెలలు ఆగి, ఆ డబ్బూ కూడబెట్టి పోతానంది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే అడిగాను, ఏ బీమా లేకుండా పోతున్నవ్, భయం కాదా అని. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నీకొకటి చెప్పలేదన్నా. ఆ దినం మూడోసారి దిగినంక బ్రేకు జర మెత్తగైంది. నాకు తెలిసింది. నేర్సుకునేటోళ్లకు పదిహేడేండ్ల సంది చెప్తున్న, బ్రేకు మెత్తగైతే బండి పక్కకు పెట్టాలె అని. లోపలికి తిప్పుకుందామనే అనుకున్న. గప్పుడు నీ మాట యాదికొచ్చింది. ఐతది అన్నవ్ గద అని, ఇంకో రౌండు కొట్టిన."

నిందించడానికి చెప్పలేదు. ఎలా జరిగిందో అలా చెప్పింది, అంతే. ఈసారి ఏం రాదని తెలుసు కాబట్టి మెత్తగైన మరుక్షణం ఆపేస్తానని కూడా అంది. ఆమె పోయాక చాలాసేపు షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. రెండేళ్లుగా నా తప్పంటే రాని క్లెయిమ్, ఆమె కట్టుకున్న ఖర్చు అనే అనుకుంటూ వచ్చాను. స్టేట్‌మెంటు రాసి, మూడు నెలలు పని పోగొట్టుకుని, దాన్ని కొంత తీర్చుకున్నాననుకున్నాను. నా మాట ఆమెతో పాటు ఆ కారులో ఉందని, ఆపాలనుకున్న మనిషిని ఆపనివ్వలేదని నాకు తట్టనే లేదు. టైర్ల గోడకు బదులు అక్కడ ఇంకేదైనా ఉండి ఉంటే అన్న ఆలోచన ఆ పూటంతా వదల్లేదు.

రూతమ్మ పోయింది, నాలుగుసార్లు దిగింది, అదే కారు నడుపుకుంటూ తిరిగి వచ్చింది. నా విషయానికొస్తే, ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఫలానాది వస్తుందా అంటే, ఆఫీసుకు పోయి కాగితం చూసి చెప్తాను, అప్పటిదాకా బండి తీయకు అంటాను. కొందరికి కోపం వస్తుంది, ఇన్నేళ్ల ఏజెంటువు ఇది కూడా తెలియదా అంటారు. తెలియదనే చెప్తాను.